పెళ్లి గుర్రానికి వానాకాలపు దురద, ఒళ్లంతా దద్దుర్లు: మందుకన్నా ముందు చూడవలసినవి

మీరు రాసిన సంగతిని క్లుప్తంగా మళ్లీ చెబుతాను. నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చూడండి. చిత్తూరు దగ్గర చెరువు కింది పల్లెలో, ఆవుల పాకను ఆనుకుని ఉన్న రేకుల షెడ్డులో మీ నుక్రా, అంటే తెల్ల రంగు, ఆడగుర్రం ఉంటుంది. వయసు ఏడేళ్లు. రాజస్థాన్ నుంచి తెచ్చినవాళ్ల దగ్గర కొన్నారు, పెళ్లి ఊరేగింపులకు తిప్పుతున్నారు. ఇక్కడికి వచ్చిన రెండో ఏటి నుంచి వానలు మొదలైతే చాలు, జూలునూ తోక మొదలునూ గుంజకు వేసి రుద్దుకుంటుంది. ఎండాకాలానికి సర్దుకుంటుంది. ఈసారి దానికి తోడు ఒక పెళ్లి అయిన మర్నాడు ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. ఊళ్లో ఎవరో సూది వేస్తే సాయంత్రానికి అణిగాయి, వారం తిరక్కుండానే దురద మళ్లీ మొదలైంది. ఒకరు వేపనూనెలో కిరసనాయిలు కలిపి పూయమన్నారు. ఇంకొకరు ఆవుల పిడుదుల మందు చల్లమన్నారు. మరొకరు ఉలవలు వేడి చేశాయి, మానేయమన్నారు. ఇందులో ఏది చేయాలన్నది మీ ప్రశ్న.

చేయకూడనిది ముందు చెబుతాను, ఎందుకంటే అది ఈ రాత్రే జరిగిపోవచ్చు. పిడుదుల మందు సీసా మీద అమిట్రాజ్ అని రాసి ఉంటే దాన్ని గుర్రం దరిదాపులకు రానీయకండి. ఆవుకు పనికొచ్చే ఆ మందు గుర్రంలో పేగుల కదలికను ఆపేస్తుంది. మేత పెద్దపేగులో గట్టిపడి అడ్డం పడుతుంది, కడుపులో శూల వస్తుంది, ప్రాణం మీదికి రావచ్చు. కొంచెమే కదా చల్లింది అనుకోవడానికి లేదు. కిరసనాయిలు చర్మాన్ని కాలుస్తుంది. నుక్రా గుర్రానికి తెల్లటి వెంట్రుకల కింద చర్మం గులాబీ రంగులో పలచగా ఉంటుంది, దానికి ఇంకా ప్రమాదం. ఆవులకు చర్మం కింద వేసే ఐవర్‌మెక్టిన్ సూది కూడా వద్దు. గుర్రాల్లో ఆ సూది వేసిన చోట వాచి, చీము పట్టి, కండ కుళ్లిన సందర్భాలు ఉన్నాయి. గుర్రాలకు అదే మందు నోట్లో పెట్టే పేస్టుగా విడిగా దొరుకుతుంది.

ఇక అసలు విషయం. మీరు చెప్పినదాన్ని బట్టి మీ గుర్రానికి రెండు వేర్వేరు సమస్యలున్నాయి. వానాకాలంలో వచ్చే దురద ఒకటి, పెళ్లి మర్నాడు లేచిన దద్దుర్లు ఇంకొకటి. ఒక్క స్టెరాయిడ్ సూది రెండింటినీ అణచేస్తుంది కాబట్టి అందరూ ఒకటే జబ్బు అనుకుంటారు. సూది ప్రభావం తీరగానే మొదటిది తిరిగి వస్తుంది, మళ్లీ సూది వేస్తారు. ఇలా మూడు నెలలు సూదుల మీద నడిచిన గుర్రం చివరకు చర్మానికి బదులు కాళ్లతో బాధపడుతుంది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

మొదటి సమస్య దగ్గరికి వద్దాం. గుర్రాన్ని పగటి వెలుతురులో నిలబెట్టి, చెవుల మధ్య నుంచి మూపు దాకా జూలు మొదట్లో వేళ్లతో ఎదురు దువ్వండి. తర్వాత తోక మొదలు చూడండి. వెంట్రుకలు కుదుళ్లతో సహా ఊడకుండా సగంలో విరిగి, అరిగిన చీపురులా పొట్టిగా నిక్కి ఉంటే అది రుద్దుడు వల్ల పోయిన జుట్టు. చర్మం మందమై అడ్డంగా ముడతలు పడిందా, చుండ్రు పొట్టు రాలుతోందా, జిగటగా తడి ఊరుతోందా అన్నది వేళ్లకే తెలుస్తుంది. పొట్ట కింద నడిమి గీత వెంట కూడా చేయి పోనివ్వండి. అక్కడ చిన్న చిన్న పొక్కులు, ఎండిన చెక్కులు తగులుతాయేమో చూడండి. జూలు, మూపు, తోక మొదలు, పొట్ట నడిమి గీత: ఈ నాలుగు చోట్లా ఉండి, ఏటా వానలతో వచ్చి ఎండలతో పోతుంటే నూటికి తొంభై పాళ్లు అది పురుగు కాటుకు వచ్చే ఎలర్జీ.

కుట్టేది ముఖ్యంగా క్యూలికాయిడిస్ అనే సన్నదోమ. ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లకు మించదు. కళ్ల ముందు తిరిగే నుసుములే అనుకుని మనం పట్టించుకోము. గొర్రెలకు నీలినాలుక రోగాన్ని మోసుకొచ్చేది ఈ జాతి దోమలే. మీ ఊరి గొర్రెల కాపరులను అడగండి, ఏ నెలల్లో మందలో మూతులు వాచి కుంటుతాయో చెబుతారు. మీ గుర్రం గోక్కునే నెలలూ అవే అయి ఉంటాయి. మనవైపు నైరుతితో పాటు ఈశాన్య రుతుపవనాల వానలు కూడా బాగా పడతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెరువు కింది మళ్లలోనూ కాలవ గట్ల మీదా తడి ఆరదు, దోమకు అదే అదను.

దోమ కుట్టినప్పుడు దాని లాలాజలంలోని ప్రొటీన్లు చర్మంలోకి పోతాయి. మామూలు గుర్రం వాటిని పట్టించుకోదు. ఎలర్జీ ఉన్న గుర్రం శరీరం వాటి మీద యుద్ధం ప్రకటిస్తుంది. ఈ స్పందన రెండు అలలుగా వస్తుంది. కుట్టిన కొద్ది నిమిషాల్లో వచ్చేది ఒకటి, ఒకటి రెండు రోజుల తర్వాత ముదిరేది ఇంకొకటి. అందుకే నిన్న రాత్రి దోమతెర బాగానే కట్టినా ఈ రోజు గోక్కుంటూ ఉండవచ్చు, అది మొన్నటి కాటు. ఒక్క రాత్రి ఏమరుపాటుకు రెండు మూడు రోజుల దురద. ‘తెర కట్టినా తగ్గలేదు’ అని రెండో రోజే తెర తీసేసేవాళ్లకు ఈ లెక్క తెలియదు. కనీసం రెండు వారాలు ఆగి చూడండి.

రాజస్థాన్ నుంచి వచ్చిందన్నారు కదా. ఐస్‌లాండ్ దీవిలో ఈ సన్నదోమ ఉండేది కాదు. అక్కడ పుట్టి పెరిగి, పెద్దయ్యాక ఐరోపాకు అమ్ముడైన గుర్రాల్లో ఈ దురద చాలా ఎక్కువగా కనిపిస్తుంది. అదే జాతి గుర్రాలు ఐరోపాలోనే పుడితే వాటిలో అంత ఉండదు. పిల్లగా ఉన్నప్పుడే దోమకు అలవాటుపడ్డ శరీరం సర్దుకుపోతుంది, పెద్దయ్యాక మొదటిసారి ఎదురుపడితే తిరగబడుతుంది. రాజస్థాన్‌లో ఈ దోమలు లేవని కాదు గానీ, చెరువు కింది పల్లెలో ఉన్నంత ఉండవు. మీ గుర్రానికి మొదటి ఏడాది ఏమీ కాక రెండో వానాకాలం నుంచి మొదలవడం చూస్తే నా అనుమానం అటే పోతోంది.

ఈ ఎలర్జీ నయమై పోయేది కాదు, అదుపులో ఉంచుకునేది. అదుపులో ముప్పాతిక పని దోమను దూరం పెట్టడమే. నన్నడిగితే మందుల దుకాణంలో పెట్టే డబ్బులో సగం తెరకూ ఫ్యానుకూ పెట్టండి అంటాను.

మీ షెడ్డు ఆవుల పాకను ఆనుకుని ఉంది. అన్నింటికన్నా ముందు మారవలసింది అదే. పేడ, మూత్రం కలిసి నానిన బురదలోనూ నీటితొట్టి కారే చోటా ఈ దోమ గుడ్లు పెడుతుంది, వెచ్చటి రోజుల్లో రెండు మూడు వారాల్లో కొత్త తరం బయటికి వస్తుంది. ఇది ఎక్కువ దూరం ఎగరలేని పురుగు, కాబట్టి గుర్రాన్ని ఊరి ఎత్తు భాగానికి, గాలి తగిలే చోటికి మార్చినా తేడా కనిపిస్తుంది. మార్చే వీలు లేకపోతే పాకకూ షెడ్డుకూ మధ్య ఉన్న బురదను వారానికొకసారి గీకి ఎండబెట్టించండి, తొట్టి కింద ఇసుకో కంకరో పోయించండి, పేడదిబ్బను దూరం జరపండి.

సన్నదోమ గాలికి నిలవలేదు. గంటకు ఎనిమిది, పది కిలోమీటర్ల గాలి వీచినా దానికి గుర్రం మీద వాలడం కష్టం. గుర్రం మెడకూ నడుముకూ గాలి తగిలేలా గోడకు ఒక పెద్ద ఫ్యాను బిగించి సాయంత్రం అయిదు నుంచి పొద్దున ఎనిమిది దాకా వేసి ఉంచండి. తీగలు గుర్రం నోటికి అందకుండా గొట్టంలో వేయించండి. మామూలు దోమతెర పనికిరాదు, సన్నదోమ అందులోంచి దూరిపోతుంది. దానికన్నా బాగా సన్న కన్నుల వల కావాలి. షెడ్డులో తెల్లటి ట్యూబులైటు రాత్రంతా వెలుగుతూ ఉంటే ఆర్పేయండి. ఈ దోమలను పట్టడానికి పరిశోధకులు పెట్టే బోనులే దీపపు బోనులు.

ఈ దోమ పుంజుకునేది సూర్యాస్తమయం, సూర్యోదయం వేళల్లో. మీ వృత్తికి వచ్చిన చిక్కు ఇక్కడే ఉంది. కార్తీక మార్గశిరాల్లో పెళ్లిళ్లు, సాయంత్రం ఏడింటికి ఊరేగింపు, చుట్టూ జనరేటరు మీద వెలిగే దీపాల గుత్తులు. దోమలు ముసిరే నెలల్లో, ముసిరే వేళకు, ముసిరే వెలుగులో గుర్రాన్ని నిలబెడుతున్నారు. ముహూర్తం మీ చేతిలో ఉండదు కాబట్టి మిగిలినది రక్షణ ఒక్కటే. పెర్‌మెత్రిన్ ఉన్న మందును డాక్టరు చెప్పిన పాళ్లలో కలిపి, అలంకరణకు ముందే జూలు మొదట్లోనూ తోక మొదట్లోనూ పొట్ట కిందా తుడిచి, పూర్తిగా ఆరాక జీను వేయండి. చెమట పడితే దాని పట్టు తగ్గుతుంది. మొదటిసారి వాడేటప్పుడు అరచేతి మేర చోట మాత్రమే రాసి ఒక రోజు చూడండి. మందుకే ఎలర్జీ వచ్చే గుర్రాలు కూడా ఉంటాయి. ఇంట్లో పిల్లి ఉంటే దానికి ఈ మందు విషం. కడిగిన నీళ్లు చెరువులో కలిస్తే చేపలు చస్తాయి.

ఊరేగింపు లేని రోజుల్లో సాయంత్రం పూట మెడ నుంచి పొట్ట కింది దాకా కప్పే సన్న నూలు దుప్పటి కుట్టించండి. టైలరుకు కొలతలిస్తే కుట్టి పెడతాడు. పొట్ట కింద ముడి వేసే పట్టీ మరవకండి, చాలామంది వీపు కప్పి పొట్ట వదిలేస్తారు. పగటి ఎండలో మాత్రం తీసేయాలి. కొబ్బరినూనె పలచగా పూస్తే దోమకు కొంత అడ్డు. అందులో కాస్త వేపనూనె కలిపినా తప్పులేదు గానీ పుండు పడ్డ చోట వేపనూనె మండుతుంది. వేపాకు పొగ గురించి అడుగుతారని తెలుసు. ఆరుబయట గాలివాటున కాసేపు వేస్తే సరే. మూసిన షెడ్డులో వేస్తే గుర్రం ఊపిరితిత్తులు పాడవుతాయి, వాటికీ ఉబ్బసం వస్తుంది.

దురదగా ఉన్న చర్మాన్ని చల్లటి నీటితో కడగడం చవకైన వైద్యం. చెమట, మట్టి, పొట్టు పోతాయి, దురదా కొంతసేపు తగ్గుతుంది. పుండ్లు పడి చీము వాసన వస్తుంటే క్లోర్‌హెక్సిడిన్ ఉన్న షాంపూ రాసి పది నిమిషాలు ఉంచి కడగాలి. రాసిన వెంటనే కడిగేస్తే నీళ్లు దండగ. కుంకుడు రసం పుండు మీదా కళ్ల దగ్గరా వద్దు. వానాకాలం కాబట్టి తోక కింద పుండును రోజూ చూడండి, ఈగలు గుడ్లు పెట్టి పురుగులు పట్టడానికి ఒక్క రోజు చాలు.

దోమే అని తేల్చే ముందు కొన్నింటిని పక్కన పెట్టాలి. జూలు జోలికి పోకుండా తోక ఒక్కటే రుద్దుకుంటుంటే నులిపురుగులను అనుమానించండి. పొద్దున్నే గుర్రం పేడ వేయకముందు ఆసనం చుట్టూ సెల్లోటేపు ముక్క నొక్కి తీసి గాజు పలక మీద అంటించి ఆసుపత్రికి పట్టుకెళితే సూక్ష్మదర్శినిలో గుడ్లు కనిపిస్తాయి. పేడ పరీక్షలో ఇవి దొరకడం అరుదు. పేలు పట్టినా జూలు, తోక దురద పెడతాయి గానీ వెంట్రుకలు పాయ తీసి భూతద్దంతో చూస్తే దొరికిపోతాయి. గజ్జి ఎక్కువగా డెక్కల పైభాగంలో మొదలై, గుర్రం రాత్రంతా కాళ్లు నేలకేసి కొడుతూ ఉంటుంది. తామర గుండ్రటి మచ్చలుగా వచ్చి పొట్టు రాలుతుంది, దురద తక్కువ. అది జీను ద్వారా ఇంకో గుర్రానికీ, రుద్దే మనిషికీ అంటుకుంటుంది. మీ ఇంట్లో ఎవరికైనా చేతి మీద తామర వచ్చిందా అన్నది ఆ కోణంలోంచి అడిగే ప్రశ్న. పొట్ట నడిమి గీత మీద, నుదుటి మీద మాత్రమే పుండ్లుంటే ఆంకోసెర్కా అనే సన్న పురుగు పిల్లలు కారణం కావచ్చు. వాటిని మోసుకొచ్చేదీ ఈ సన్నదోమే. వాటికి ఐవర్‌మెక్టిన్ పేస్టు పనిచేస్తుంది.

రెండింటిని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ఒకటి సర్రా. జోరీగలు మోసుకొచ్చే ఈ రక్తపరాన్నజీవి జబ్బులో కూడా ఒంటి మీద దద్దుర్లలాంటి పలకలు, పొట్ట కింద నీరు, కాళ్ల వాపు వస్తాయి. తేడా ఏమిటంటే జ్వరం వచ్చి పోతూ ఉంటుంది, మేత తింటున్నా గుర్రం చిక్కిపోతుంది. గుర్రానికి మామూలు ఉష్ణోగ్రత 99.5 నుంచి 101.3 ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది. వారం పాటు ఉదయం, సాయంత్రం కొలిచి రాయండి, జ్వరం ఉన్న వేళ రక్తం తీయించండి. సర్రా ఉన్న గుర్రానికి స్టెరాయిడ్ వేస్తే పరాన్నజీవికి బలం ఇచ్చినట్టే. రెండోది గ్లాండర్స్. కాళ్ల లోపలివైపు, పక్కటెముకల మీద వరసగా గడ్డలు లేచి, పగిలి తేనెరంగు చీము కారుతుంటే, ముక్కులోంచి చిక్కటి చీమిడి వస్తుంటే గుర్రాన్ని ముట్టుకోకుండా, ఎక్కడికీ తిప్పకుండా పశువైద్యాధికారికి కబురు చేయండి. అది మనిషికి అంటుకుంటుంది, 2009 నాటి జంతువుల అంటువ్యాధుల చట్టం కింద తప్పనిసరిగా తెలపవలసిన జబ్బు. నమూనాలను హర్యానాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం పరీక్షిస్తుంది. మీ గుర్రానికి అది ఉందని నేను అనడం లేదు. పది ఊళ్ల గుర్రాలు కలిసే పెళ్లిళ్లకు తిరిగే గుర్రం కాబట్టి మీకు తెలిసి ఉండాలి.

ఇప్పుడు దద్దుర్ల సంగతి. దద్దురు మీద వేలితో గట్టిగా నొక్కి తీయండి. గుంట పడి నెమ్మదిగా పూడితే అది ఎలర్జీ దద్దురు, చర్మం కింద నీరు చేరింది. పైన వెంట్రుకలు నిక్కినా ఊడవు. ఎక్కువ భాగం ఒకటి రెండు రోజుల్లో వాటంతట అవే పోతాయి. అంటే సూది వేయకపోయినా అవి మర్నాటికి తగ్గి ఉండేవేమో.

ఆ పెళ్లిలో గుర్రం ఒంటికి కొత్తగా తగిలినదేమిటో గుర్తు చేసుకోండి. నేను అడిగే మొదటి ప్రశ్న అలంకరణ గురించే. జరీ, అద్దాల బట్ట కొత్తదా? ఎవరిదైనా అద్దెకు తెచ్చారా, అది ఏ సబ్బుతో ఉతికారు? జూలుకు మెరుపు పొడి చల్లారా, రంగు పూశారా, నురుగు డబ్బాలు కొట్టారా? పెళ్లివారు సెంటు కొట్టడం మామూలే. ఇలా తగిలి వచ్చే ఎలర్జీ తగిలిన ఆకారంలోనే వస్తుంది. జీను కింద మాత్రమే, పొట్ట పట్టీ గీత వెంట, కళ్లెం తగిలే చెంప మీద అయితే వేరే పరీక్ష అక్కర్లేదు, ఆ వస్తువే కారణం. ఒళ్లంతా లేస్తే నోటి ద్వారానో సూది ద్వారానో లోపలికి పోయినది చూడాలి. పెళ్లికి ముందు వారంలో ఏదైనా సూది వేయించారా? గుర్రాల్లో దద్దుర్లకు మందులు పెద్ద కారణం, అందులోనూ పెన్సిలిన్ ముందు వరసలో ఉంటుంది. పెళ్లివారు ప్రేమ కొద్దీ పెట్టిన లడ్డూలు, కొత్త దాణా, ఏవైనా సరే రాసుకోండి.

ఉలవల మీద నింద గురించి. ఉలవలు వేడి చేస్తాయనడం మనకు అలవాటు. తరతరాలుగా ఈ నేల మీద గుర్రాలు తిన్నది అవే. తిండి ఎలర్జీ గుర్రాల్లో అరుదు, ఉంటే వానాకాలమనీ ఎండాకాలమనీ చూడదు. మీ గుర్రానికి వేసవిలో కూడా అవే ఉలవలు పెడుతున్నారు, అప్పుడు దురద లేదు. ఆ ఒక్క సంగతితో ఉలవలు నిర్దోషులు. బూజు పట్టిన వేరుశనగ కట్టె, తడిసి ముక్కిన వరిగడ్డి మాత్రం వేరే కథ, వానలో తడిసిన మేత పెట్టకండి. నిజంగా తిండినే అనుమానించవలసి వస్తే నాలుగు నుంచి ఆరు వారాలు ఒకే రకం మంచి గడ్డి మీద ఉంచి, తర్వాత వారానికి ఒక్కొక్క దినుసు తిరిగి కలుపుతూ చూడాలి. మేత మార్పు వారం, పది రోజులు పట్టేలా నెమ్మదిగా చేయండి. ఒక్కసారిగా మారిస్తే శూల.

షెడ్డు చుట్టూ వయ్యారిభామ పెరిగి ఉంటే పూత రాకముందే పీకించండి. ఆ పుప్పొడి, ఆకు రసం మనుషులకూ పశువులకూ చర్మ ఎలర్జీ తెప్పిస్తాయి. పీకేవాళ్లు చేతులకు తొడుగులు వేసుకోవాలి.

దద్దుర్లతో పాటు మూతి, కనురెప్పలు, ముక్కుపుటాలు వాస్తే, ఊపిరిలో చప్పుడు వస్తే ఇంకేమీ ఆలోచించకండి. గుర్రం నోటితో ఊపిరి పీల్చలేదు, ముక్కు ఒక్కటే దారి. ఆ దారి మూసుకుపోతే నిమిషాల లెక్క. అప్పుడు కావలసింది అడ్రినలిన్, అది డాక్టరు చేతిలో ఉండాలి. అందుకే ఏ సూది వేయించినా వేసినవారిని అరగంట కూర్చోబెట్టండి.

మందుల విషయం. స్టెరాయిడ్లు పనిచేస్తాయి, వాటిని శత్రువులుగా చూడనక్కర్లేదు. గోక్కుని రక్తాలు కారుతున్న గుర్రానికి కొద్ది రోజులు ఇవ్వడమే దయ. డాక్టరు ప్రెడ్నిసొలోన్ రాస్తే దుకాణంలో ప్రెడ్నిసోన్ ఇచ్చారేమో పేరు చూసుకోండి. రెండోది గుర్రంలో సరిగా పనిచేయదు. ఉదయం పూట ఇవ్వాలి, తగ్గాక మోతాదు దించుతూ రోజు విడిచి రోజుకు తెచ్చి ఆపాలి. కాళ్ల సంగతి తర్వాత చెబుతానన్నాను కదా. ఎక్కువ మోతాదుగానీ ఎక్కువ కాలంగానీ వాడితే డెక్క లోపలి పొర వాచే లామినైటిస్ ప్రమాదం ఉంది, ముఖ్యంగా కొవ్వు పట్టిన గుర్రాలకు. డెక్కలు వేడిగా తగలడం, ముందు కాళ్లు మార్చి మార్చి బరువు వేయడం, మలుపు తిరగడానికి జంకడం కనిపిస్తే ఆ పూటే డాక్టరుకు చెప్పండి. చూలు ఉంటే ముందే చెప్పాలి. మొన్న వేసిన సూది పేరేమిటో వేసినవారిని అడిగి రాయించుకోండి, తర్వాత చూసే డాక్టరుకు అది లేకుండా సగం చీకటి.

సెట్రిజిన్ లాంటి యాంటీహిస్టమిన్లు దద్దుర్లకు మేలు చేస్తాయి, దోమకాటు దురదకు అంతంత మాత్రం. మనిషి మాత్ర ఒకటి వేసి తగ్గలేదంటే అర్థం లేదు. గుర్రానికి కిలో బరువుకు పూటకు 0.2 నుంచి 0.4 మిల్లీగ్రాములు, రోజుకు రెండు పూటలు వాడతారు. 350 కిలోల గుర్రానికి 10 మిల్లీగ్రాముల మాత్రలు పూటకు 7 నుంచి 14. డాక్టరు చెప్పకుండా మొదలుపెట్టకండి, కొన్ని గుర్రాలు మత్తుగా అయిపోతాయి, ఊరేగింపులో వరుడిని ఎక్కించుకున్న గుర్రం తూలకూడదు. కాటా లేకపోయినా బరువు లెక్క కట్టవచ్చు. ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలతను సెంటీమీటర్లలో కొలిచి, దాన్ని దానితోనే గుణించి, భుజం మొన నుంచి పిర్ర మొన దాకా ఉన్న పొడవుతో మళ్లీ గుణించి, 11,880తో భాగించండి. చుట్టుకొలత 165, పొడవు 150 అయితే 344 కిలోలు వస్తుంది. డాక్టరు దగ్గరికి ఈ అంకెతో వెళితే మోతాదు గురి తప్పదు.

అవిసె గింజలు ఏ పూటకా పూట పొడి చేసి దాణాలో కలిపితే కొన్ని గుర్రాల్లో చర్మం మెరుగుపడుతుంది. ఫలితం కనబడడానికి రెండు నెలలు పడుతుంది, కాబట్టి అక్టోబరు వానలకు ముందే, ఆగస్టులోనే మొదలుపెట్టాలి. ఇది తోడు మందే, దీన్ని నమ్ముకుని తెర తీసేయకండి.

దేనికి ఎలర్జీయో తేల్చే చర్మ పరీక్షలు, దాన్ని బట్టి చేసే టీకాల వైద్యం ఉన్నాయి. పరీక్షకు ముందు స్టెరాయిడ్లు కొన్ని వారాలు ఆపాలి, టీకా వైద్యం ఫలితం ఇవ్వడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. సన్నదోమ ఎలర్జీలో వాటి ఉపయోగం నిలకడగా లేదు. మీ ప్రస్తుత స్థితిలో ఆ ఖర్చు పెట్టమని నేను చెప్పను.

నుక్రా కాబట్టి ఇంకొకటి. ముక్కు చివర, కళ్ల చుట్టూ, గులాబీ చర్మం ఉన్నచోట మాత్రమే ఎర్రబడి పొక్కుతుంటే అది ఎండ దెబ్బ, కొన్నిసార్లు కాలేయం దెబ్బతిన్న గుర్తు. రక్తపరీక్ష చేయించండి.

దగ్గర్లో మీకున్న పెద్ద దిక్కు తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రి. 1955లో మొదలైన ఆ కళాశాల ఇప్పుడు శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగం. చర్మం గీకి చూడడం, రక్తపు పూత, తామర పరీక్ష లాంటివి అక్కడ అడగండి. గుర్రాన్ని కదిలించలేని స్థితిలో 1962కు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం గురించి చెబుతారు. నిత్యం గుర్రాలను మాత్రమే చూసే డాక్టర్లు కావాలంటే పందెపు మైదానాలున్న చెన్నై, బెంగళూరు వైపు చూడాలి. ఎక్కడికి వెళ్లినా జూలు, తోక, పొట్ట కింద తీసిన ఫోటోలు, జ్వరం రాసిన కాగితం, వేసిన మందుల పేర్లు పట్టుకెళ్లండి. ఆ ముందు రోజు మళ్లీ సూది వేయించి చర్మాన్ని శుభ్రంగా చూపించకండి.

ఉత్తరం చివర దీన్ని ఈనించాలని ఉందని, లేకపోతే అమ్మేయాలా అని అడిగారు. ఈ ఎలర్జీ వంశపారంపర్యంగా దిగే అవకాశం ఉంది, పిల్లకు కూడా ఇదే బాధ పెట్టే పని నేనైతే చేయను. అమ్మడం మీ ఇష్టం. చెరువులు, మాగాణి లేని మెట్ట ప్రాంతం వారికి అమ్మితే గుర్రానికీ మేలే. కాకపోతే జూలు సంగతి దాచకుండా చెప్పండి. ఏప్రిల్, మే నెలల్లో చూడవచ్చిన వారికి వెంట్రుకలు మళ్లీ మొలిచి అంతా బాగానే కనిపిస్తుంది. తోక మొదట్లో వేలు పెట్టి చర్మం మందం, ముడతలు తడిమి చూసేవారు తక్కువ. మీరు ఇంకో గుర్రాన్ని కొనేటప్పుడు మాత్రం అక్కడే చేయి పెట్టి చూడండి.